మోప్కా ఛాయాసార్వభౌమ స్తవం

స్వస్తిశ్రీ మెగాపిక్సెల్ మండలేశ్వర, ప్రీసెట్ పరమేశ్వర, డ్రోన్ ధురంధర, రీల్స్ రత్నాకర, నవనవోన్మేష నిరంతర నూత్న దృక్కోణ నిధాన, ఇత్యాది బిరుదావళీ విరాజమానులై, మోప్కా చౌక్ మొదలుకొని బుధవారీ బజార్ దాకా, తోర్వా మొదలుకొని తార్‌బాహర్ దాకా, బిలాస్‌పూర్ రైలు పట్టణంలోని తెలుగు గడపలన్నింటా పెళ్ళికీ పేరంటానికీ, బారసాలకూ పెద్దకర్మకూ ఏకచ్ఛత్రంగా షట్టరు నొక్కుతూ, ఆధునిక ఛాయాచిత్రకళకు దినదినమూ కొత్త దారులు తెరుస్తున్న శ్రీశ్రీశ్రీ ఛాయాసార్వభౌముల వారి దివ్యసముఖానికి, బెంగాల్ నాగపూర్ రైల్వే వారి కాలంలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, ఈ పట్టాల పక్కనే పిల్లల్ని కని, ఇక్కడి మట్టిలోనే కలిసిన గ్యాంగ్‌మన్ల, ఫైర్‌మన్ల, కళాసీల సంతతివాడొకడు ముకుళిత హస్తాలతో సమర్పించుకొనే స్తవం.

మహాప్రభో! తమ మహిమ పూర్తిగా తెలియాలంటే, తమకు పూర్వం ఈ విద్యను పట్టుకుని ఆయుర్దాయం ధారపోసిన అమాయకులను ఒకసారి తలుచుకోవాలి. 1827 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు నిసెఫోర్ నియెప్స్ అనే పెద్దమనిషి, తన మేడ కిటికీలోంచి కనబడే ఇంటి కప్పులను ఒక లోహపు పలక మీదికి దించడానికి గంటల తరబడి ఎండను నమ్ముకుని కూర్చున్నాడు. సొంత కిటికీ! లోకంలో నేటికీ నిలిచిన ఫోటోల్లో మొదటిదానికి ఆయనకు అంతకన్నా దూరపు వస్తువు దొరకలేదు. తమరు మోప్కాలో ఉండి, మోప్కా కిటికీ ఒక్కసారైనా తెరవకుండా, ఐస్‌లాండ్ వెలుగును, శాంటొరిని తెలుపును, లద్దాఖ్ నీలాన్ని ఇంటింటి ఆల్బమ్‌లోకి దించుతున్నారంటే, ఆ పెద్దమనిషి ఆత్మ తమను చూసి ఎంత సిగ్గుపడుతోందో ఊహించగలను.

1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు చేసిన మొదటి డిజిటల్ కెమెరా, 0.01 మెగాపిక్సెల్ నలుపు తెలుపు బొమ్మ ఒక్కటి క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేదట. అంతసేపు ఖాళీగా ఉంటే ఫోటో తీసేవాడు ఎదుటి మనిషి ముఖంలోకి చూసే ప్రమాదం ఉంది. తమ కెమెరా సెకనుకు ఇరవై ఫ్రేములు లాగి ఆ ప్రమాదాన్ని సమూలంగా తొలగించింది. ఎదుటి మనిషి నవ్విందీ, కన్ను చెమర్చిందీ ఇంటికెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాక తెలుస్తుంది. అప్పటికీ తమకు తెలియకపోతే, మొహాలు ఏరిపెట్టే సాఫ్ట్‌వేరుకు తెలుస్తుంది.

మన హైదరాబాదుకే వస్తే, రూర్కీలో ఇంజనీరింగ్ చదువుకుని, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1894లో ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా లాలా దీన్‌దయాళ్ ఎంత కష్టజీవి! గాజు పలక ఒకటి పాడైతే అది పాడైనట్టే కాబట్టి, మూత తీయడానికి ముందే ఆలోచించుకోవలసిన దుర్గతి ఆయనది. పరదా చాటు స్త్రీలు మగవాడి కెమెరా ముందుకు రారని, 1892లో వారి కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక స్త్రీ చేతికే అప్పగించాడు. ఎదుటివారి సంకోచాన్ని గౌరవించి దాని చుట్టూ కొత్త దారి వెతకడం ఆనాటి సృజన. తమరిది అంతకు ఎన్నో మెట్లు పైన. ముత్తయిదువులు పసుపు రాసుకునే గదిలోకి సైతం గింబల్ పట్టుకుని, వెనక్కి నడుచుకుంటూ, తలుపు తట్టకుండా ప్రవేశించగల చొరవ ఆ ముసవ్విర్ జంగుకు కలలోనైనా వచ్చేదా?

మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమై వ్యారావాలా, కొత్త తరం ఫోటోగ్రాఫర్ల నడవడి నచ్చక 1970లోనే కెమెరా దించేశారు. పద్మవిభూషణ్ అందుకుని 2012లో వెళ్ళిపోయిన ఆవిడకు, మోప్కాలో ఒక్క ముహూర్తం చూసే భాగ్యం దక్కలేదు. కార్టియే బ్రెసాన్ ఒక లైకా, ఒక 50 మిల్లీమీటర్ల లెన్సు పట్టుకుని ప్రపంచమంతా తిరిగాడు, పాపం మార్చడానికి రెండోది లేనట్టు. వరంగల్లు భరత్ భూషణ్ 2022లో కన్నుమూసేదాకా తెలంగాణ పల్లెల్లో బతుకమ్మల వెంట, ఆడవాళ్ళ పనిపాటల వెంట, వెళ్ళిన ఊరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. ఒకే ఊరికి పదిసార్లు వెళ్ళినవాడికి కొత్తదనం ఎక్కడ దొరుకుతుంది? తమరు ఒకే ఊళ్ళో పుట్టి పెరిగి, ఆ ఊరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అందుకే తమ కళలో ప్రతి ఫ్రేమూ కొత్తది.

ఇక తమ నూత్న మార్గాలను ఒక్కొక్కటిగా కీర్తిస్తాను. గాజుగోళం ఒకటి చేతిలో పెట్టి అందులో పెళ్ళికూతుర్ని తలకిందులుగా చూపించింది తమరు. లెన్సు ముందు ప్రిజం అడ్డంపెట్టి ఒక పెళ్ళికొడుకును ముగ్గురిని చేసింది తమరు. సెల్‌ఫోను అద్దాన్ని లెన్సు కింద ఆనించి, ఎండిన అర్పా ఇసుక మీద లేని నీటిని పారించింది తమరు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రగీతంలో పేరున్న ఆ నదికి వేసవిలో కాసిని నీళ్ళు కావాలని ఊరంతా మొత్తుకుంటుంటే, అర చెయ్యంత ఫోనుతో నిండు ప్రవాహం ఇచ్చిన భగీరథులు తమరు. ఇనుప పీచుకు నిప్పు పెట్టి గిరగిరా తిప్పించి, రంగు పొగల డబ్బాలు పేల్చి, పారదర్శకమైన గొడుగు పట్టించి, ఆకాశంలోకి డ్రోన్ లేపి, కొత్త దంపతులను చీమలంతేసి చేసి, వారి మధ్య ప్రేమను నాలుగు వందల అడుగుల ఎత్తునుంచి సెంటీమీటరు పిసరు తప్పకుండా కొలిచింది తమరు.

వీటిలోకెల్లా ఘనమైన విశేషం, ఈ కొత్తదనం తమ ఒక్కరి దగ్గరే ఆగిపోకపోవడం. మోప్కాలో తమరు కనిపెట్టిన భంగిమే అదే వారం భీమవరంలోనూ, బరంపురంలోనూ, న్యూజెర్సీలోనూ ఎవరో ఒకరు కనిపెడుతూ ఉంటారు. అవే టీల్ నీడలు, అవే నారింజ బుగ్గలు, అదే వెనుదిరిగి నవ్వడం, అదే నుదుటికి నుదురు ఆనించడం. కరిజ్మా ఆల్బమ్ మీద పేర్లు తుడిచేసి నాలుగు ఊళ్ళవారికి తారుమారుగా పంచినా ఏ ఇంటా అభ్యంతరం రాదు. జాతి సమైక్యత కోసం ఎందరో మహానుభావులు ఉపన్యాసాలిచ్చారు. ఎక్కడి వధువైనా ఒక్క వధువే అన్న అద్వైతాన్ని ఆచరణలో పెట్టినవారు మాత్రం తమరే.

బెంగళూరు కళాకారిణి పుష్పమాల కూడా పాత బొమ్మలను అనుకరించారు. ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000 నుంచి 2004 దాకా, రవివర్మ లక్ష్మి మొదలుకొని దొరల కాలపు జాతి కొలతల ఫోటోల వరకు, ఒక్కొక్క పాత చిత్రంలోకి తానే వేషం కట్టి దిగి, దక్షిణాది ఆడదాన్ని ఇన్నాళ్ళూ ఎవరెవరు ఎలా చూశారో ఆ చూపునే తిరగేసి చూపించారు. ఒక అనుకరణకు ఇంత ఆలోచన, ఇన్ని కుట్టుపనులు, ఇన్ని తెరలు, నాలుగేళ్ళు! తమరి అనుకరణ డౌన్‌లోడ్ అయ్యేంతసేపట్లో పూర్తవుతుంది. అందులో ఆలోచన అనే మచ్చ భూతద్దం పెట్టి వెతికినా కనబడదు.

ఆకాశం సంగతి చెబుతాను. సీపత్ రోడ్డులో బొగ్గు లారీలు లేపిన దుమ్ముతో మోప్కా ఆకాశం ఎండాకాలమంతా బూడిద గుమ్మడి రంగులో ఉంటుందని తమకు మనసులో నొప్పి. 2020 అక్టోబరులో ఫోటోషాప్ వారు ఆకాశాన్ని మార్చే మీట ఇచ్చింది మొదలు, తమరు మా ఊరికి ఆ కొరత తీర్చారు. ఏ అధికారీ, ఏ ఉత్తర్వూ చేయలేని పరిశుభ్రతను తమరు ఒక్క నొక్కుతో సాధించారు. తమ దయవల్ల ఇప్పుడు మా ఊళ్ళో ఏ ఇంటి ఆల్బమ్‌లోనూ దుమ్ము లేదు. దగ్గు మాత్రం ఫోటోలో కనబడదు కాబట్టి దాన్ని తీసేయవలసిన అవసరం తమకు రాలేదు. తమరు అతికించిన సూర్యుడు దంపతుల వెనక అస్తమిస్తుంటే, వారి నీడలు కూడా వెనక్కే, సూర్యుడి వైపే పడుతుంటాయి. ఒక్క సూర్యుడితో సరిపెట్టుకునే ఊళ్ళ మధ్య, ఇద్దరు సూర్యులున్న ఊరుగా మోప్కాను నిలబెట్టిన ఔదార్యానికి మేం ఏమిచ్చి రుణం తీర్చుకోగలం?

తీసేసే విద్యలో తమ చేయి మరీ గొప్పది. మా వాడలో ఒక ఇంటి గోడకు తమ కళాఖండం ఒకటి నిలువెత్తున వేలాడుతోంది. సైడింగు పట్టాల మీద పెళ్ళికూతురు ఎర్ర గౌను కుచ్చెళ్ళు కంకర మీద పరిచి నిలబడింది. పెళ్ళికొడుకు ఒక పట్టా మీద ఒంటికాలిపై ఉన్నాడు. తీసిన నాడు వారి వెనక ఒక కీమన్ ఉన్నాడు. భుజాన సుత్తి, చేతిలో పానా, నారింజ రంగు కోటుతో, ఒక్కొక్క స్లీపరు దగ్గరా ఆగి, ఊడిన కీలను కొట్టుకుంటూ తన బీటు నడుస్తున్నాడు. ఆ నారింజ రంగు గౌను ఎరుపుతో పొసగలేదని తమరు అతణ్ణి సున్నితంగా, నొప్పి తెలియకుండా, నామరూపాల్లేకుండా తుడిచేశారు. అయినా ఎంత దయార్ద్ర హృదయం! అతడి నీడను మాత్రం కంకర మీద అలాగే వదిలేశారు. సుత్తి నీడతో సహా ఉంది. ఆ ఇంటికి వచ్చిన ముసలివారు పెళ్ళికూతుర్ని చూడటం మానేసి ఆ నీడ దగ్గరే ఆగుతారు. ఒకాయనైతే, ఎడమ భుజం అలా కాస్త వంచి నడిచేది మా అయ్యేనని అన్నాడు. నీడ ఒక్కదానితో మనిషిని గుర్తుకు తెప్పించిన చిత్రకారులు చరిత్రలో ఎందరున్నారు? అదీ తమకే తెలియకుండా!

ఆ పట్టాల మీదికి జనాన్ని తీసుకెళ్ళే ధైర్యానికి వేరుగా ఒక శతకం రాయాలి. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద, అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే ఆరు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆగ్నేయ మధ్య రైల్వేకు 2003 నుంచి ప్రధాన కేంద్రమైన పట్టణంలో, ఇంటికొక రైల్వే ఉద్యోగి ఉన్న వాడలో, ఈ చట్టాన్ని ఆర్ట్ డైరెక్షన్ ఖర్చుల్లో కలిపి చూడగల విశాల దృష్టి తమది. తల మీద 25,000 వోల్టుల తీగ ఉంటుంది. దాన్ని తాకనక్కర్లేదు, చేరువకు పోతే తానే ఎదురొచ్చి కౌగిలించుకుంటుంది. నిలిచిన బొగ్గు గూడ్సు రేకు పైకెక్కి చేతులు చాపమని కుర్రవాళ్ళకు తమరు చెప్పేటప్పుడు, ఆ ఆతిథ్యం సంగతి చెప్పి వారి మూడ్ పాడుచేయరు. బండి నడిపే మా వాళ్ళు పట్టా మీద ఎర్ర గౌను చూసి బ్రేకు వేసి, బొగ్గు రేకులు ఆగడానికి కిలోమీటరు దాకా పట్టే ఆ కాసేపూ శ్వాస బిగబట్టుకుంటారు. ఆ ముఖాలు తమ కెమెరాకు అందేంత దగ్గర్లో లేకపోవడం కళకు జరిగిన నష్టం.

పెళ్ళి పందిట్లో తమ విశ్వరూపం చూసిన కళ్ళే కళ్ళు. జీలకర్ర బెల్లం వేళకు, ముహూర్తం గడియ చూసి పంతులుగారు గొంతెత్తగానే, తమరు చెయ్యెత్తి ఆయన్ని ఆపుతారు. తమ వెలుగు దీపం ఇంకా సర్దుకోలేదు. నక్షత్రాలు తమ కోసం ఆగుతాయని పంతులుగారికి తెలియక కంగారు పడతారు. మంగళసూత్రం కట్టేటప్పుడు వరుడి మోచెయ్యి వధువు ముఖానికి అడ్డొచ్చిందని, వేసిన ముళ్ళు విప్పించి, “బావగారూ, కొంచెం ఇటు, ఇంకొకసారి, నెమ్మదిగా, కెమెరా వంక చూడనట్టు చూడండి” అని తమరు సెలవిస్తే, మూడు ముళ్ళు కాస్తా ఆరు అవుతాయి. బంధం అంత గట్టిపడిందని మేం సంతోషిస్తాం.

ఆ క్షణాన తమరూ, తమ వీడియో మిత్రులూ, దీపాలు పట్టే కుర్రవాళ్ళూ, మంటపం చుట్టూ కోట గోడలా నిలబడి వధూవరులను కాపాడతారు. విజయనగరం నుంచి విశాఖ కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని వచ్చిన అమ్మమ్మ, గుప్పిట్లో అక్షింతలు నలుపుకుంటూ, మునివేళ్ళ మీద లేచి, మనవరాలి తల కనబడక, ఆఖరికి వేసిన అక్షింతలు తమ వీపు మీద పడతాయి. ఇన్నేళ్ళుగా మా వాడ పెద్దలంతా ఇచ్చిన దీర్ఘాయుష్మాన్‌భవలు, ఇష్టకామ్యార్థ సిద్ధిరస్తులు, తమ టీ షర్టు మీద వెనక వైపున జమయ్యి ఉన్నాయి. తమకు పట్టిన అదృష్టానికి మూలం ఏమిటా అని ఆలోచించేవారికి ఇదే సమాధానం. పిమ్మట తలంబ్రాల వేళ డ్రోన్ కిందికి దిగి తన రెక్కల గాలితో బియ్యాన్ని పందిరంతా చల్లుతుంది. ఎవరు ఎవరి తల మీద ముందు పోశారన్న పాత పోటీకి ఆ విధంగా తమరు శాశ్వతంగా తెరదించారు.

పెద్దవాళ్ళ ఫోటోల విషయంలో తమరి కరుణ అపారం. 1984 డిసెంబరులో ఫోటోగ్రాఫర్ రఘు రాయ్ భోపాల్ విషవాయు దుర్ఘటనలో, ఎవరో తెలియని పసిబిడ్డను పూడ్చుతుంటే ఆ ముఖం మీద పడిన మట్టిని ఉన్నదున్నట్టు తీశాడు. మొహం నునుపు చేసే మీట ఆయన దగ్గర లేదు కాబట్టి, ప్రపంచం ఆ కళ్ళను మరిచిపోలేకపోయింది. తమరు అలాంటి బరువులు ఎవరి గుండె మీదా పెట్టరు. మా వీధిలో ఒక నాయనమ్మ పోయినప్పుడు పెద్దకర్మకు ఫోటో చేయమని తమకే ఇచ్చారు. నుదుటి గీతలు, బొగ్గు పొయ్యి ఊది ఊది లోపలికి పోయిన బుగ్గలు, గడ్డం మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు, అన్నిటినీ తమ యంత్రం మచ్చలుగా గుర్తించి చెరిపేసింది. పక్కింటి ఛత్తీస్‌గఢీ అవ్వ, తన చేతుల మీద గోద్నా చూపించి, మేమిద్దరం ఒకే ఏడు పొడిపించుకున్నామని, ఆ చుక్క ఏదని అడిగింది. దండ వేసిన ఫ్రేములో పాతికేళ్ళ పడుచు నవ్వుతోంది. నాయనమ్మ కొడుకులు ఆ ఫోటోకే దండం పెట్టారు. కాకి మాత్రం చాలాసేపు గోడ మీద కూర్చుని, ఏ ఇంటికి వచ్చానా అని ఆలోచించి, పిండం ముట్టడానికి మధ్యాహ్నం చేసింది. కాకికి ఆధునిక దృక్కోణం అలవాటు కావడానికి ఇంకా వ్యవధి పడుతుంది.

ఈ నడుమ తమరు కెమెరాను సైతం త్యజించి సన్యాస స్థాయికి చేరుకున్నారని విని పులకించిపోయాను. 2023లో బోరిస్ ఎల్డాగ్‌సెన్ అనే జర్మన్, సోనీ ప్రపంచ ఫోటోగ్రఫీ పురస్కారాల్లో సృజనాత్మక విభాగానికి ఏఐతో పుట్టించిన బొమ్మ పంపి, గెలిచి, ఇది ఫోటో కాదు, నాకీ బహుమతి వద్దని తిప్పికొట్టాడు. చేతికొచ్చిన బహుమానాన్ని నిజం చెప్పి పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడు మైల్స్ ఆస్ట్రే ఇంకా విడ్డూరం చేశాడు. తల కనబడని ఫ్లమింగో కొంగను నిజంగా తీసిన ఫోటోను ‘1839’ అనే పేరుగల అవార్డుల్లో ఏఐ విభాగానికి పంపి గెలిచి, ప్రకృతి ఇంకా ఓడిపోలేదని చాటి అనర్హుడయ్యాడు. ఇద్దరికీ ఒకటే జబ్బు, ఏది ఫోటోనో ఏది కాదో జనానికి తెలియాలన్న పట్టుదల. తమరికి అలాంటి చాపల్యం లేదు.

కార్తీక ఏకాదశి తరువాత మన బిలాస్‌పూర్ వీధుల్లో రావుత్ నాచా దిగుతుంది. గవ్వలు కుట్టిన అంగీలు, నెమలి ఈకల తలపాగాలు, గాల్లో ఒకదానికొకటి తగిలే కర్రలు, దోహా పాడి ఒక్కసారిగా డోలు మీద విరుచుకుపడే యాదవులు. ఆ దుమ్ములో, ఆ తోపులాటలో, గంటల తరబడి నిలబడితే గానీ ఒక్క మంచి ఫోటో రాదు. ఇంట్లో కూర్చుని నాలుగు మాటలు టైపు చేసి తమరు ఆ నాచాను సృష్టించారు. అందులో గవ్వలు అంగీ వదిలి గాల్లో తేలుతున్నాయి, గొల్లవాడు కర్రను ఆరు వేళ్ళతో పట్టుకున్నాడు. ఐదు వేళ్ళతో వెయ్యేళ్ళుగా పాలు పితికినవాడికి ఒక వేలు అదనంగా ప్రసాదించిన దాతృత్వం తమది. ఆ ఫోటో కింద వందలమంది అద్భుతం అని రాశారు. వారిలో ఆడినవాడు ఒక్కడూ లేడు. అతడు ఆ సాయంత్రం నిజం కర్రతో నిజం చౌక్‌లో ఆడుతూ తీరిక లేకుండా ఉన్నాడు.

తమరు తీసినవాటిని పొగడటానికి నా శక్తి చాలదు. తీయనివాటిని పొగడటానికి భాషే చాలదు. బిలాస్‌పూర్ స్టేషన్‌లో తెల్లవారుజామున డ్యూటీ దిగిన గార్డు, కళ్ళు నలుపుకుంటూ టీ గ్లాసు పట్టుకునే చెయ్యి తమరు తీయలేదు. రైల్వే క్వార్టర్ల పసుపు గోడల మీద మూడు తరాల పిల్లలు బొగ్గుతో గీసుకున్న ఎత్తుల గీతలు తీయలేదు. సంక్రాంతి ముగ్గు వేసే మా పిన్నిగారి పక్కన కూర్చుని, ఛత్తీస్‌గఢీ పొరుగావిడ బియ్యప్పిండితో చౌక్ అనే తమ ముగ్గు పూరించి, ఇద్దరూ ఒకరి గీతలు ఒకరు సరిదిద్దుకోవడం తీయలేదు. విశాఖ బండి దిగిన ఆవకాయ జాడీ మూతకు కట్టిన గుడ్డ విప్పుతుండగా గుమిగూడే ఇరుగుపొరుగు ముక్కులను తీయలేదు. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ ఒకే వాక్యంలో కలిపేసి దెబ్బలాడుకునే పిల్లలను, ఊరు నగరంలో కలిసిపోతుంటే ఒక్కొక్క అడుగే కుంచించుకుపోతున్న మోప్కా చెరువుగట్లను, ఆ గట్ల మీద ఇంకా పొద్దుటే వేపపుల్ల నమిలే తాతలను తీయలేదు. ఇవన్నీ మామూలువని తమరు వదిలేశారు. మామూలు బతుకును ఎవరూ చూడకుండా, ఎవరూ దాచుకోకుండా, తన దారిన తాను చెరిగిపోయే హక్కును కాపాడినవారు తమరు.

తమ నూత్న మార్గం ఇలాగే వర్ధిల్లాలని కోరుకుంటున్నాను. తమరు ఎన్నడూ కెమెరా దించి ఒక మనిషితో పది నిమిషాలు మాట్లాడవద్దు. ఎన్నడూ ఒకే గల్లీలో ఏడాది పొడుగునా నడవవద్దు. కీమన్ పేరు అడగవద్దు. అమ్మమ్మను ముందుకు రమ్మని తమరు పక్కకు జరగవద్దు. దుమ్ము పట్టిన ఆకాశాన్ని దుమ్ముతోనే తీసి గోడకు పెట్టవద్దు. అలాంటి పనులతో కొత్తదనం పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది. పుడితే అది మోప్కాకు తప్ప ఇంకే ఊరికీ పనికిరాకుండా పోతుంది. అంతటి సంకుచితత్వం తమ వంటి విశ్వజనీనులకు తగదు.

ఫలశ్రుతి. ఈ స్తవాన్ని నిత్యం పఠించే ఛాయాగ్రాహకుడికి లెన్సు మీద లెన్సు చేకూరును, కళ్ళతో పని తప్పును. ఆలకించే వధూవరులకు లక్ష లైకులు కలుగును, తమ పెళ్ళికి ఎవరెవరు వచ్చారో గుర్తుంచుకునే శ్రమ తీరును. ఇంట రాసిపెట్టుకున్నవారి పూర్వీకులందరూ పాతికేళ్ళ పడుచుదనంతో గోడల మీద వెలుగుదురు, వారిని మనవలు పోల్చుకోవలసిన బాధ ఉండదు. ఇరవై ఏళ్ళ తరువాత ఆల్బమ్ తెరిచిన మోప్కా బిడ్డలకు, తాము ఏ ఊళ్ళో పుట్టారో, ఎవరి చెమట నడిచిన పట్టాల పక్కన పెరిగారో, తమ తల మీద పడవలసిన అక్షింతలు ఎవరి చేతివో అన్న బెంగ ఏనాటికీ కలగకుండు గాక. ఛాయాసార్వభౌములకు జయోస్తు, దిగ్విజయోస్తు.